నాలుగో అంతస్తు ఎలుకలు

“గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. ఉన్నమాట చెబుతా. ఎలుకకి దారి నేర్పింది నేనే.”

టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని ప్రొఫెసరు మొదలుపెట్టాడు. నిజం ప్రొఫెసరేం కాదు. ఎదురుగా ఉన్న మెదడు పరిశోధన సంస్థలో ఎలుకల బోన్లు కడిగి, మేత వేసి, నీళ్లు మార్చే మనిషి. పద్దెనిమిదేళ్లుగా అదే పని. అయినా సంస్థ పుస్తకాల్లో ఉన్నది అతని పేరు కాదు, కాంట్రాక్టరు పేరు. చెమట ఒకరిది, చిరునామా ఇంకొకరిది. అక్కడ దొరకని పేరు ఇక్కడైనా ఉండనీ అన్నట్టు టీకొట్టు వాళ్లు అతన్ని ‘ఎలుకల ప్రొఫెసరు’ చేశారు.

పదకొండు గంటల విరామం. వినేవాళ్లు నలుగురు. గేటు కాపలా కాసే గేటాయన, లిఫ్టు నడిపే లిఫ్టాయన, స్టవ్వు వెనక టీ అక్క. నాలుగో మనిషి ఎప్పుడూ ఇటు రానిది. సంస్థలో నాలుగో అంతస్తులో పరిశోధన చేస్తున్న అమ్మాయి.

ఆమె ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. పొద్దున్నే గోడ మీద నోటీసు పడింది. ఆమె ఎలుకల గదిలోకి ఎవరో అనుమతి లేకుండా వెళ్తున్నారు, దొరికితే పనిలోంచి తీసేస్తాం అని. ఎవరో తేలకపోతే ఆమె నాలుగేళ్ల పని మట్టిలో కలిసినట్టే. గురువారం పెద్ద డాక్టరు ముందు ఫలితాలు పెట్టాలి. ‘ఇవాళ నోరు కట్టుకో’ అని గేటాయన ప్రొఫెసరుకి ముందే చెప్పాడు. ప్రొఫెసరు తలూపాడు కూడా. కానీ కొత్త మనిషి ఎదురుగా కూర్చుంటే ఆ నోరు ఆగుతుందా?

“ఏ దారి నేర్పావయ్యా?” అంది టీ అక్క, పాలు కలుపుతూ.

“మొదటి అంతస్తు వాళ్ల గొడవంతా జ్ఞాపకం. ఏది గుర్తుంటుంది, ఏది మర్చిపోతాం, ఎందుకు, అదీ వాళ్ల పని. చెక్కతో అడ్డదిడ్డంగా సందులున్న పెట్టె చేశారు, ఈ చివర ఎలుక, ఆ చివర గింజలు. ఆరు నెలలు నేర్పారు, అది ప్రతిసారీ అదే మూలకెళ్లి కూర్చునేది, వీళ్లు కళ్లజోళ్లు తుడుచుకునేవాళ్లు. నేను బోను కడగడానికెళ్లి దాని చెవిలో చెప్పా. నాయనా, రెండు కుడి, ఒక ఎడమ, మళ్లీ రెండు కుడి, పో. పోయింది! మూడు నిమిషాల్లో గింజ నోట్లో పెట్టుకుంది.”

“ఇంతవరకూ పర్లేదు,” అన్నాడు గేటాయన.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? గింజ తిని ఊరుకోలేదు. పెట్టె దాటింది, గది దాటింది, వరండా దాటింది, వెళ్లి లిఫ్టు ముందు నిలబడింది. కావాలంటే ఈ లిఫ్టాయన్ని అడుగు.”

“మధ్యలో నన్నెందుకు లాగుతావ్?”

“ఆ రోజు నువ్వు సెలవులే, అందుకే తెలీదు. ఎక్కింది, పై అంతస్తు లైబ్రరీకి పోయింది. చదవలేదు, అబద్ధం ఎందుకు, బొమ్మలు చూసింది. చూసి, దిగొచ్చి, పెట్టెలో పడుకుంది. మర్నాటి నుంచి కొత్తగా చేరినవాళ్లు భవనంలో దారి తప్పితే ఆ ఎలుకని తోడిచ్చి పంపేవాళ్లు.”

లిఫ్టాయన పొలమారి దగ్గాడు. అమ్మాయి మాత్రం నవ్వలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అలాగే వింటోంది. నవ్వని మనిషి కనిపిస్తే ప్రొఫెసరుకి ఎక్కడలేని హుషారు.

“ఇదేం చూశావు తల్లీ, రెండో అంతస్తు సంగతి విను. వాళ్లది నిద్ర. నిద్రలో మెదడు ఏం చేస్తుందని తలకి తీగలు తగిలించి చూస్తారు. తీగలు తగిలిస్తే ఎవడికి నిద్రొస్తుంది? ఎలుకలు కళ్లు మిటకరించి చూసేవి, డాక్టర్లు కూడా కళ్లు మిటకరించి చూసేవాళ్లు. నన్ను పిలిచారు. బాబూ ఏదైనా చెప్పు అన్నారు. నేను మా ఇంటి పైకప్పు కారిన కథ మొదలుపెట్టా. సగంలో ఎలుకలు నిద్రపోయాయి. ముప్పావుకొచ్చేసరికి డాక్టర్లు నిద్రపోయారు.”

“నువ్వు చెబితే నిద్రొస్తుందంటే నేను నమ్ముతా,” అంది టీ అక్క.

“వినక్కా! వాళ్లని లేపడానికొచ్చిన వాళ్లు నిద్రపోయారు, ఫోను మోగితే ఎత్తినవాడు ఎత్తినట్టే పడుకున్నాడు, అవతల మాట్లాడేవాడు కూడా ఆవులించి పెట్టేశాడంట. మూడు రోజులు ఆ అంతస్తంతా గురక. నాలుగో రోజు నేనే వెళ్లి పైకప్పు బాగుచేయించాం అని కథ ముగించా, అప్పుడు లేచారు.”

“మూడో అంతస్తు?” అన్నాడు లిఫ్టాయన, ఎగదోస్తూ.

“అక్కడ భయం. పిల్లి పడుకున్న గుడ్డ తెచ్చి ఎలుక ముందు పెడతారు. ఆ వాసనకే పాపం బిగుసుకుపోతుంది. నాకు ఒళ్లు మండింది. భయపెట్టేవాడికి జీతం, భయపడేదానికి బోనా? ఒక ఎలుకని పక్కకి పిలిచి ధైర్యం చెప్పా. మర్నాడు అది ఆ గుడ్డ పరుచుకుని పడుకుంది. డాక్టరుకి కోపమొచ్చి నిజం పిల్లినే తెచ్చాడు. ఎలుక దాన్ని కిందనుంచి పైదాకా చూసింది. పిల్లి తల దించుకుంది, వెనక్కి తిరిగింది, మెట్లు దిగి వెళ్లిపోయింది. ఇవాళ్టికీ వీధిలో ఎలుక ఎదురొస్తే పక్కకి తప్పుకుని దారిస్తుంది.”

గేటాయన గట్టిగా గొంతు సవరించుకున్నాడు. తర్వాతిది నాలుగో అంతస్తు. ప్రొఫెసరుకి సైగ అందింది.

“ఇక అయిదు,” అన్నాడు, ఒక మెట్టు గబుక్కున దాటేసి. “అక్కడ మెదడుకి ఫొటో తీసే యంత్రం ఉంది. మనిషి మెదడు కావాలన్నారు, ఎవరూ ముందుకి రాలేదు, నేను తల పెట్టా. యంత్రం మూలిగింది. కాగితం బయటికొస్తోంది, వస్తోంది, ఆగదు. గది నిండింది, వరండా నిండింది, కిటికీలోంచి వీధిలో పడి ఆ మలుపు దాకా పోయింది. అంత మెదడు! అన్ని అంతస్తుల డాక్టర్లూ పరిగెత్తుకొచ్చారు. ఇక చూడాలి తమాషా, అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టే. ఈ మూల జ్ఞాపకం, నాది అంటాడొకడు. ఇది నిద్ర, నాకే రావాలంటాడు ఇంకొకడు. భయం ఉన్న ముక్క మూడో అంతస్తాయన చంకలో పెట్టుకుని పారిపోయాడు. కోపం ఒకరికి, ఆకలి ఒకరికి, అలవాట్లు ఒకరికి, మాటలు ఒకరికి. అంతా తీసుకుపోగా నేల మీద ఇంత ముక్క మిగిలింది. అయ్యా, ఇదెవరిదీ అన్నా. చూశారు, తిప్పి చూశారు. ఇది మా సబ్జెక్టులోకి రాదు అని వెళ్లిపోయారు.”

“మరేం చేశావు దాన్ని?” అంది టీ అక్క.

“ఏం చేస్తా? మడిచి జేబులో పెట్టుకున్నా.”

స్టవ్వు మీద పాలు పొంగబోతే అక్క మంట తగ్గించింది. అప్పుడు అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది.

“మా నాలుగో అంతస్తు వదిలేశారేం బాబాయ్?”

“అక్కడ చెప్పుకునేంత ఏముందిలే తల్లీ.”

“నిజమే.” ఆమె గొంతులో వెటకారం లేదు, అలసటే ఉంది. “మా ఎలుకలు దేనికీ పనికిరానివి. ఒంటరిగా పెడితే మెదడు ఏమవుతుందో చూద్దామని నాలుగేళ్లుగా అవస్థ పడుతున్నా. ఇప్పుడున్న పన్నెండూ పుట్టు మొండివి, ఒంటరిగా పెట్టినా ఏ మార్పూ లేదు. గురువారం తర్వాత వాటిని తీసేయమంటారు.”

“తీసేయడం అంటే?”

“అంటే… ఉంచరు.”

ప్రొఫెసరు కాలు మీది కాలు దించాడు. గేటాయన అతని మోచెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాడు.

“పనికిరానివా? నా పన్నెండా? అమ్మా, ఎవరన్నారీ మాట? ఆ భవనంలో కాస్తయినా తెలివున్నవి అవే! ఒక్కోదాన్ని ఒక్కో పెట్టెలో పెట్టావు, చుట్టూ నల్లగుడ్డ కట్టావు, పక్కదాని ముఖం కనపడదు. మేత వేయాలి, నీళ్లు మార్చాలి, రెండు నిమిషాల్లో బయటికి రావాలి, పలకరించకూడదు. అదేగా నీ రూలు? అలా పెడితే ఏ ప్రాణికైనా పిచ్చెక్కాలి. తోక కొరుక్కోవాలి, చెయ్యి పెడితే కరవాలి. మరి నీవి కరుస్తున్నాయా? కరవవు. ఎందుకు కరవవు? నేనున్నా కాబట్టి! మూడో నంబరుకి మెడ కింద గోకాలి, ఏడుకి గోకితే చిరాకు, పన్నెండోది నా చొక్కా గుండీ నములుతుంది. చెబితే నమ్మరు, నేను తలుపు తీయగానే పన్నెండూ లేచి నిలబడతాయి. పాడతాయి కూడా, ఒకటి ఎత్తుకుంటే పదకొండు అందుకుంటాయి, కింద నిద్ర డాక్టర్లు వచ్చి కాస్త మెల్లిగా పాడమని చెప్పండీ అని బతిమాలుతారు…”

మాట అక్కడ ఆగిపోయింది. ఏం అన్నాడో అప్పుడు వినిపించింది అతనికి. లిఫ్టాయన తన చేతిలోని బన్ను వైపు చూస్తూ ఉండిపోయాడు. గేటాయన ముఖం తిప్పుకున్నాడు.

“ఎప్పుడు వెళ్తారు?” అంది అమ్మాయి.

“ఊరికే అన్నానమ్మా. కోతలు. అందర్నీ అడుగు, నావి అన్నీ కోతలే.”

“లిఫ్టెక్కిన ఎలుక కోత. పిల్లి కోత. మూడోదానికి మెడ కింద గోకాలన్నది కోత కాదు బాబాయ్, అది నాకూ తెలుసు. ఎప్పుడు వెళ్తారు?”

“మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు.” అతను నేల చూశాడు. “క్యాంటీన్‌లో కాంట్రాక్టు వాళ్లకి కుర్చీలుండవు కదా. వెనక మెట్ల మీద తినాలి. ఎండ.”

అది అమ్మాయికి తెలియదు. నాలుగేళ్లు అదే క్యాంటీన్‌లో తింది, ఎవరు ఎక్కడ తింటున్నారో చూడలేదు. మనిషి మెదడులో ప్రతి మూలకీ దీపం పెట్టే భవనం, తన వెనక మెట్ల మీదికి ఒక్కసారి తొంగిచూడలేదు.

“మరి ఆదివారం?” అంది. “శుక్రవారం పరీక్ష పెడితే కాస్త బెదురుతాయి. సోమవారం పెడితే అసలు బెదరవు. ఆదివారం ఎవరో చాలాసేపు ఉంటున్నారు.”

ప్రొఫెసరు నిటారుగా కూర్చున్నాడు. పోయిన ఊపు తిరిగి తెచ్చుకున్నాడు.

“ఆదివారం మా ఇంట్లో ఉండే పరిస్థితా తల్లీ! జనం! తమ్ముళ్లు, మరదళ్లు, వాళ్ల పిల్లలు, పిల్లల స్నేహితులు, బావమరిది వాళ్ల అత్తగారు కూడా వచ్చేస్తుంది. నలభై మందికి తక్కువుండరు. కాలు పెట్టడానికి చోటుండదు, గుమ్మంలో చెప్పులు వీధి దాకా. మాటలు, అరుపులు, ఒకడు అన్నయ్యా అంటాడు, ఒకతి బావగారూ అంటుంది, ఎవరికని పలకను? చెవులు చిల్లులు పడి, కాసేపు ప్రశాంతంగా ఉందామని ఇటు వచ్చేస్తా…”

“ఆపు ప్రొఫెసరూ,” అంది టీ అక్క.

మెల్లిగానే అంది. స్టవ్వు ఆర్పి, ఈవలికి వచ్చి, బల్ల చివర కూర్చుంది.

“పోయిన నెల నీకు జ్వరమొస్తే రొట్టె ఇవ్వడానికి మీ ఇంటికొచ్చా కదా. ఇంట్లో ఒకటే గ్లాసుంది. దాంట్లో నాకు నీళ్లిచ్చావు. నేను తాగి, గ్లాసు కింద పెట్టేదాకా నువ్వు మాత్ర చేతిలో పట్టుకుని కూర్చున్నావు.”

ప్రొఫెసరు తన ముందున్న గ్లాసుని బల్ల చివరికి జరిపాడు.

సంస్థలో గంట మోగింది. విరామం అయిపోయింది. గేటాయన లేవాలి, లేచాడు. లిఫ్టాయన లేచాడు. ఇద్దరూ రోడ్డు దాటారు.

అమ్మాయి సంచిలోంచి నోటుపుస్తకం తీసింది.

“రోజూ ఎంతసేపు?”

“పదకొండు నిమిషాలు,” అన్నాడు. “ఒక్కోదానికి నిమిషం కూడా రాదు.”

“ఆదివారం?”

“పొద్దున తొమ్మిది నుంచి. గేటు మూసేదాకా.”

ఆమె రాసుకుంది. రాసిన దాన్ని కాసేపు చూసింది.

“ఇది దాచలేను బాబాయ్. ఈ పన్నెండూ ఒంటరిగా లేవని గురువారం చెప్పాలి. చెబితే నా నాలుగేళ్ల పని మళ్లీ మొదటికొస్తుంది. ఒంటరితనం పోవడానికి రోజుకి పదకొండు నిమిషాలు సరిపోతాయా అన్నది కూడా తేలాల్సిన విషయమే, అందుకైనా వీటిని ఉంచమని అడుగుతా. మీ పని ఉంటుందని మాత్రం మాటివ్వలేను. అది నా చేతిలో లేదు.”

“నాది పోతే పోయిందిలే. వాటిని ఉంచమని అడుగు.”

“అడుగుతా.” ఆమె పెన్ను ఇంకా మూయలేదు. “ఇదీ రాసుకోవాలి. అంతసేపు వాటితో ఏం మాట్లాడతారు? ఇవేనా, లిఫ్టెక్కిన ఎలుకా, పారిపోయిన పిల్లీ?”

“ఛ, వాటికి కోతలెందుకమ్మా?” అన్నాడు ప్రొఫెసరు. “ఉన్నదే చెబుతా. వంట చేయలేదనో, కాలు నొప్పిగా ఉందనో. అవి మధ్యలో లేచి వెళ్లిపోవు కదా.”