రెండో గ్లాసు మజ్జిగ

కిటికీ మూయమంటారా? మూస్తాను. తడి తువ్వాలా? ఇదిగో, మీ నుదుటి మీదే ఉంది, కళ్ళు తెరిస్తే కదా తెలిసేది! అబ్బబ్బ, అరవట్లేదండీ. నా గొంతు రోజూ ఉన్నట్టే ఉంది, మీ తలే తట్టుకోలేకపోతోంది.

ముందు ఈ గోరువెచ్చటి నీళ్ళు తాగండి. గబగబా కాదు, గుటక గుటకగా. కాఫీ ఇవ్వను. ఖాళీ కడుపులో కాఫీ పడితే ఏమవుతుందో పోయినసారి చూశాంగా, ఆ పరుపు ఉతకలేక నా నడుం పడిపోయింది.

ఏంటీ? పొద్దున్నే ఇంకో పెగ్గేస్తే దిగిపోద్దని బాబూరావు చెప్పాడా? ఆహా! మన జీపు డ్రైవరు వైద్యం ఎప్పుడు చదివాడండీ? ముల్లుని ముల్లుతోనే తీయాలంటాడా! అలా తీస్తూ పోతే చివరికి కాలే మిగలదు.

చేపల చెరువు పట్టుబడంటే ఊరందరికీ చేపలు. నాకు మాత్రం మర్నాడు మజ్జిగ చిలకడం. వలలు లాగి, ఐసేసి, లారీలు పంపించాక ఇంటికి రావచ్చుగా? నందివాడ గట్టు మీద మీరంతా సీసాలేసుకుని కూర్చోకపోతే చేపలేమైనా అలుగుతాయా?

మద్యనిషేధం పెట్టినప్పుడు, హమ్మయ్య, ఇక నా కవ్వానికి సెలవు అనుకున్నాను. మీకేం! యానాం నుంచి సీసాలు చక్కగా నడిచొచ్చాయి. ఇక నిషేధం ఎత్తేశాక చెప్పేదేముంది.

నేను కొత్త కోడలిగా ఈ ఇంటికొచ్చినప్పుడు మీ అమ్మగారు నాకు నేర్పిన మొదటి వంట ఏంటో తెలుసా? ఈ మజ్జిగే. మావయ్యగారి కోసం. "పల్చగా చిలకాలే రత్నం, వెన్న తీసెయ్, అల్లం దంచి వెయ్, ఉప్పు కాస్త ఎక్కువే పడాలి, నిమ్మకాయ చివర్లో పిండు." పాపం ఎంత ఓపిగ్గా చెప్పారో ఆవిడ! బయల్దేరేముందు ముద్దపప్పులో నెయ్యి గుమ్మరించి అన్నం పెట్టమని కూడా ఆవిడే చెప్పారు. కడుపులో నెయ్యుంటే మందు తలకెక్కదంట. ఎక్కకపోవడమేంటి, కాస్త ఆలస్యంగా ఎక్కుద్ది, అంతేగా.

నిన్న మధ్యాహ్నం కూడా పెట్టానా లేదా? మీకూ పెట్టాను, హర్షకీ పెట్టాను. పిల్లాడు సెలవులకొచ్చాడు, గుడ్లవల్లేరు హాస్టల్ తిండికి చిక్కి సగమయ్యాడు. నాలుగు రోజులు ఇంట్లో ఉండనివ్వండి అంటే విన్నారా? "ఇంజనీరింగయ్యాక ఈ చెరువులు వాడే చూసుకోవాలి, పట్టుబడి నేర్చుకోవద్దా" అని వెంటేసుకెళ్ళారు.

వాడు కంచం జరిపి, "అమ్మా, ఇంకో గరిటె నెయ్యి వెయ్యవే" అన్నాడు. చిన్నప్పట్నుంచీ వాడికి నెయ్యి వాసనే పడదు! నేనెంత మురిసిపోయానో తెలుసా, పిచ్చిమొహాన్ని. అడక్కుండానే ఇంకో గరిటె కూడా వేశాను.

ఎందుకలా చూస్తున్నారు? లేదండీ, వాడెక్కడికీ వెళ్ళలేదు. పక్కగదిలోనే ఉన్నాడు. బాబూరావు ముందు మిమ్మల్ని దించాడు, తర్వాత వాణ్ణి దించాడు. వాడూ భుజం మీదే వచ్చాడు. మీరు చూసే స్థితిలో ఉంటే కదా!

ఇందాక వాడి గది తలుపు తోశాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తప్పయింది అంటాడేమో అని కాసేపు నిలబడ్డాను. "అమ్మా, నాన్నకిచ్చే మజ్జిగ నాకూ ఓ గ్లాసివ్వవా" అన్నాడు. మంచినీళ్ళడిగినట్టే అడిగాడు.

భయమేసిందండీ. మీకు చిలికి చిలికి అలిసిపోయాను, అది వేరే సంగతి. వాడికి చిలుకుతుంటే మీ అమ్మగారి మాటలే గుర్తొచ్చాయి. రేపు వాడికో పెళ్ళామొస్తే, ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని "పల్చగా చిలకాలమ్మా" అని నేను చెప్పాలా?

మీది తాగేశారా? అయితే లేవండి. తల తిరిగితే గోడ పట్టుకోండి. ఈ రెండో గ్లాసు మీక్కాదు, వాడిది. నేనివ్వను. మీరే తీసుకెళ్ళండి. వాడి మంచం మీద కూర్చుని, ఎలా తాగాలో మీరే నేర్పండి. మావయ్యగారి దగ్గర్నుంచి మీకొచ్చిన ఆస్తి కదా, కొడుక్కిచ్చేటప్పుడు మధ్యలో నేనెందుకు?

గడప ఉంది, జాగ్రత్త. ఒలికిందా... ఒలకనివ్వండి. మళ్ళీ చిలకడానికి ఇంట్లో ఇంక పెరుగు లేదు.