గుమ్మం అవతలి చదువరికి

1991వ సంవత్సరం జూలై ఒకటవ తేదీ, సోమవారం ఉదయం, నేడు మనమందరం అక్కగారని పిలుచుకునే సంపాదకురాలు ఈ పరిశోధన సంస్థ ప్రచురణల విభాగంలో ప్రూఫ్ రీడరుగా చేరారు. ఆనాడు విభాగమంటే మెట్ల కింద ఇరుకు గది, రెండు బల్లలు, అచ్చుసిరా వాసన. "ఫ్యాను వేస్తే కాగితాలు ఉండేవి కావు, ఆపితే మేం ఉండేవాళ్ళం కాదు" అని ఆవిడే నవ్వుతూ చెబుతుంటారు.

సహాయ సంపాదకురాలిగా ఓర్పునూ, ఆపై సంపాదకురాలిగా పట్టుదలనూ ప్రదర్శించి, ప్రకృతి శాస్త్రాలకూ సామాజిక శాస్త్రాలకూ ఒకే పత్రికలో సమాన గౌరవం కల్పించిన ఘనత వారిది. అయితే వారు విధించిన ఒక నియమం మన పరిశోధకులను ముప్పుతిప్పలు పెట్టిన మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఏ వ్యాసమైనా సరే, దాని సారాంశాన్ని వేరొక శాఖవారు చదివి అర్థమైందని ఒప్పుకుంటేనే అచ్చుకు వెళ్ళేది. చేపల శాస్త్రవేత్త కుటుంబ ఖర్చుల గురించి చదవాలి, ఆర్థికవేత్త నాచు గురించి చదవాలి. అర్థం కాని వాక్యం పక్కన అక్కగారి పెన్సిలు "ఇదెవరికి?" అని అడిగేది. మొదట సణుక్కున్నవారే క్రమంగా ఒకరి గదికొకరు టీకి వెళ్ళసాగారు. ఎండ తీవ్రతపై ఒక వ్యాసమూ, బస్సు కోసం ఆడవాళ్ళు నిలబడే వేళలపై మరొక వ్యాసమూ ఒకే సంచికలో పక్కపక్కన పడగా, వాటిని చదివిన నగరపాలక ఇంజనీరొకరు మన వీధి బస్టాపుకు పైకప్పు వేయించారు.

వారి వృత్తి జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన ఒకటుంది. అప్పట్లో మన పత్రిక చందా కట్టిన సంస్థలకే ఇంటర్నెట్టులో తెరుచుకునేది. పదవీ విరమణ చేసి వెళ్ళిన నేలల శాస్త్రవేత్త, మన పెద్దాయన, ఒక మధ్యాహ్నం ఫోను పట్టుకుని ఈ విభాగం గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మా, నేను రాసిన వ్యాసమే చూద్దామంటే నువ్వెవరని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

అక్కగారు వ్యాసం ప్రింటు తీసి చేతికిచ్చి, టీ తెప్పించి, గేటు దాకా సాగనంపి వచ్చారు. ఆ పూట అన్నం డబ్బా మూత తీయలేదు. ఆయన పడ్డ చిన్నతనం తనదిగా బాధపడ్డారు. రుసుము లేకుండా, పేరైనా అడగకుండా మన పరిశోధన ఎవరికైనా తెరుచుకోవాలని ఆనాడే నిశ్చయించుకున్నారు. రచయితలందరినీ పేరుపేరునా ఒప్పించి, కొన్నేళ్ళ శ్రమతో పాత సంచికలతో సహా అన్నీ అందరి ముందుంచారు.

వారి భర్త, లెక్కల మాస్టారు, దీనికి వేరే కారణం చెబుతారు. "ఈవిడకి తాళమంటేనే గిట్టదండీ. ఇల్లు బార్లా తెరిచి ఆఫీసుకి వెళ్ళిపోతుంది. దొంగొచ్చినా ఓ వ్యాసం చదువుకుని పోతాడని ధైర్యం కాబోలు."

ఆ తెరిచిన తలుపుకు నిరుడు గండం వచ్చింది. నిర్వహణ భారం పెరగడంతో పత్రికను ఒక ప్రచురణ కంపెనీకి అప్పగిద్దామని, మళ్ళీ చందాదారులకే పరిమితం చేద్దామని ప్రతిపాదన వచ్చింది. సంస్థ పాలకమండలి సభ్యులు దాదాపు ఒప్పేసుకున్నారు.

"పైకప్పు కారుతోందమ్మా. ఆశయం గొడుగు పడుతుందా?" అన్నారు అధ్యక్షులు.

"గొడుగు సంగతి నేను చూస్తానండీ. ఒక్కటే అడుగుతాను. ఇక్కడ కూర్చున్న మనమంతా ఏదో ఒకరోజు ఆ గుమ్మం దాటి వెళ్ళేవాళ్ళమే. వెళ్ళాక, మనం రాసింది మనకెవరు చూపిస్తారు?"

మరుసటి ఏడాదే విరమించవలసిన అధ్యక్షులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ మాట మొదట్లోనే అని ఉంటే టీ చల్లారేది కాదు కదమ్మా" అంటూ ప్రతిపాదన కాగితాన్ని పక్కన పెట్టేశారు.

మంచి మాటతోనే ఖర్చు తీరదని అక్కగారికి తెలుసు. గడప గడపా తొక్కి, ప్రతి శాఖా తన వంతు భరించేలా ఒప్పించారు. తాను వెళ్ళిపోయాక ఈ ఏర్పాటు నిలుస్తుందో లేదోనన్న బెంగ మాత్రం వారిని వదల్లేదు. పత్రిక ఎన్నటికీ అందరికీ తెరిచే ఉండాలని గతవారం సంస్థ తీర్మానించాకే వారి ముఖం తేటపడింది.

నేడు పదవీ విరమణ చేస్తున్న అక్కగారి గుర్తింపు కార్డు నియమానుసారం ఈ సాయంత్రం ఐదింటికి పనిచేయడం మానేస్తుంది. సంస్థ చందా కట్టే పత్రికలన్నీ వారికి మూసుకుపోతాయి. రేపటి నుంచి వారూ గుమ్మం అవతలి చదువరే. మన పత్రిక మాత్రం నువ్వెవరని వారిని అడగదు.

ఆయురారోగ్యాలతో, చెదరని చూపుతో, మాస్టారి ఎత్తిపొడుపుల నడుమ నిండు నూరేళ్ళూ వారు మన పత్రిక చదువుతూ ఉండాలనీ, అర్థం కాని వాక్యం కనబడిన ప్రతిసారీ మొహమాటపడకుండా మాకు ఫోను చేసి "ఇదెవరికి?" అని అడగాలనీ మనసారా కోరుకుంటున్నాం.