ఒక చెయ్యి ఖాళీ

హలో… ఆ, నేనే బావా. మెట్లమీద కూర్చుని మాట్లాడుతున్నా… కాదు, మా మెట్లే. మా ఇంటి తలుపుకి ఎదురుగానే.

లేదు, తాళం మర్చిపోలేదు. మీ చెల్లెలు లోపల గడియ పెట్టేసింది… ముందు ఒక సంగతి చెప్పు. నీకు ఫోన్ చేసిందా?… చెయ్యలేదా. అమ్మయ్య. అయితే నా నోటితో నేనే చెప్పుకుంటాను, కాస్త మర్యాదగా ఉంటుంది.

ఇందాక మా బిల్డింగ్‌లో సైరన్ మోగింది… ఏం లేదులే, కంగారుపడకు. కింది అంతస్తులో ఎవరో పాలు పొయ్యిమీద పెట్టి మర్చిపోయారట, గిన్నె మాడి పొగొచ్చింది. అంతే… ఆ, అందరూ బాగానే ఉన్నారు. నేను తప్ప.

మన సంచి ఉంది కదా… అదే, ఏదైనా జరిగితే పట్టుకుని పరిగెత్తడానికని సర్దిన ఆపద సంచి. నీ షాపులోని పనిముట్లన్నీ ముందేసుకుని, ఏది ఏ లోహంతో చేసింది కొనాలా అని మనిద్దరం బుర్రలు బద్దలుకొట్టుకున్నామే, అది. తగిలించుకుని కిందికి పరిగెత్తాను… మహా తేలిగ్గా ఉంది బావా. వీపుమీద ఉందో లేదో కూడా తెలీలేదు. ఏడంతస్తులు ఎలా దిగానో నాకే తెలీదు.

మీ చెల్లెలా?

…

పైనే ఉంది.

హలో… బావా, ఉన్నావా?

ఆ. పైనే. కట్టు వేసిన కాలు స్టూలుమీద పెట్టుకుని, కుర్చీలో… పట్టుకుని నడిచే స్టాండు ఉందిలే, కానీ అది మెట్లమీద ఎందుకూ పనికిరాదు… తిట్టు. తిట్టెయ్, నీకూ తీరుతుంది.

కావాలని కాదు బావా. ఏం గడ్డి తిన్నానో. సైరన్ వినగానే చేతులు సంచిమీదికి పోయాయి. ఇన్నాళ్ళూ సాధన చేసింది అదే కదా. కళ్ళు మూసుకుని తగిలించుకోగలను. మీ చెల్లెల్ని కుర్చీలోంచి లేపడం ఒక్కటే సాధన చెయ్యలేదు.

సంచిలో పెట్టిన ఆ చిన్న గడ్డపార కోసం ఎంత వాదించుకున్నామో గుర్తుందా? నువ్వు స్టీలన్నావు. గట్టిగా మీటితే టైటానియం వంగి ఊగుతుంది, నమ్ముకోదగ్గది ఉక్కేనన్నావు. నేనేమన్నాను?… నీకు గుర్తుందిగా, మళ్ళీ నా నోటితో చెప్పించాలా. సంచి తేలిగ్గా ఉంటే ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది, ఆ చేత్తో మీ చెల్లెల్ని పట్టుకుని దింపుతానన్నాను. నువ్వు ఆ మాటకి కరిగిపోయి, ఎక్కడెక్కడో వెతికి టైటానియందే తెప్పించావు.

ఏ చేత్తో ఏం పట్టుకున్నానా?… రెండు చేతులతోనూ సంచి పట్టీలే పట్టుకున్నాను బావా. వీపుమీదున్నది ఎక్కడికి పారిపోతుందనుకున్నానో.

ఆగు, ఇంకా ఉంది… ఇంతకంటే ఘోరం. కింద అందరూ నిలబడి ఉన్నారా, సంచిలో ఏముందండీ అని వాచ్‌మన్ అడిగాడు. ఇంకేముంది, నాలో మాస్టారు లేచాడు. అక్కడే విప్పి నేలమీద పరిచాను. ఇత్తడి పానా తీసి, గ్యాస్ లీకయినచోట ఇనప పానా తగిలితే నిప్పురవ్వ రావచ్చు, ఇత్తడితో ఆ భయం తక్కువ అని… కత్తి తీసి, ఇది కార్బన్ స్టీలు, పదును నిలుస్తుంది గానీ నూనె రాయకపోతే తుప్పు పడుతుంది అని… ఆ, పిడి గురించి కూడా చెప్పాను. వదుల్తానా. జనం బాగానే విన్నారు. పక్కింటావిడ మాత్రం వినలేదు. మీ ఆవిడేరండీ అంది.

అప్పుడు తలెత్తి చూశాను. బాల్కనీలో ఉంది. కటకటాలు పట్టుకుని, ఒంటికాలిమీద… అంతా చూస్తూనే ఉంది బావా. పానా దగ్గర్నుంచీ.

చెయ్యి ఊపాను… మరేం చెయ్యమంటావు? ఊపాను. చేతిలో పానా కూడా ఉంది.

పరిగెత్తుకుని పైకొచ్చేసరికి గడియ పడింది. బతిమాలాను, కాళ్ళావేళ్ళా పడ్డాను… గడ్డపారతోనా? నీకేమైనా మతిపోయిందా? తలుపు ఊడొస్తుంది, ఎందుకు రాదు. ఊడొచ్చాక ఎదురుగా మీ చెల్లెలుంటుంది. ఆవిడ ముందు నిలబడ్డానికి ఏ లోహం పట్టుకెళ్ళమంటావు?

నవ్వకు… నేను నవ్వట్లేదు. భయమేస్తోంది బావా. నిజంగా మంటలే వచ్చి ఉంటే… అప్పుడూ ఇదే చేసేవాణ్ణి. అది నాకు తెలిసిపోయింది. పోనీ నాకు తెలిస్తే తెలిసింది, తనకీ తెలిసిపోయింది. ఇంక ఏ మొహం పెట్టుకుని ‘నేనున్నాను’ అనేది?

ఏంటి?… నీకు వేరే ఫోన్ వస్తోందా. ఎవరు?… తనేనా? ఎత్తు. ఎత్తు బావా. నా తరఫున ఏం మాట్లాడకు, ఉన్నది కూడా పోతుంది. నేను లైన్లోనే ఉంటా.

…

…

ఆ, ఉన్నాను. చెప్పు. ఏడ్చిందా?… లేదా. తిట్టిందా మరి?… అదీ లేదా. తిట్టినా బాగుండేది.

మరెందుకు చేసింది?

ఊతకర్రలా? నీ షాపులోనా?… టైటానియంవి దొరుకుతాయా అనా?

…

అన్నిటికంటే తేలికైనవి కావాలందా… మెట్లు ఒక్కతే దిగడానికి… ఎవరి చెయ్యీ అక్కర్లేకుండా. అలాగే అందా? ఆ మాటే?

సరే… మంచిదే. దిగగలగాలి తను. నన్ను నమ్ముకుని కూర్చోకూడదు. తెప్పించు.

…బావా, పెట్టెయ్యకు, ఒక్క మాట. టైటానియం వద్దు… దొరకలేదని చెప్పు. స్టీలు కూడా వద్దు, ఇనపవే ఇవ్వు. దొరికినవాటిలో అన్నిటికంటే బరువైనవి. నాలుగు మెట్లు దిగేసరికి మొయ్యలేక, నన్ను పిలుస్తుందేమో…

హలో… బావా?

పెట్టేశావా?