మదార్ సాహెబ్ చూపుడువేలు

చేతి ఆపరేషన్ తర్వాత మదార్ సాహెబ్ లేత్ మీద తొలి అప్పడాల కర్ర చెక్కాడు. వేలికి స్పర్శ రాకపోతే ఇక ఉలి వదిలేయాల్సిందే. భార్య జైతూన్ బీ ఎదురుగా నిలబడి ఉండగా, కళ్లు మూసుకుని కర్రను తడిమాడు.

“ఈ వేలితో చెక్క మీద చీమ నడిచిన జాడ కనిపెట్టేవాణ్ణే.”

“ఆడ చీమో, మగ చీమో కూడానా అండీ?”

“అదీ చెప్పేవాణ్ణి. ఉయ్యూరు పంచదార మిల్లు చీమైతే వేలికి తీపి అంటుకునేది.”

“కోతలాపండి. ఇప్పుడేమైనా తెలుస్తోందా?”

“లేదు జైతూన్.”

“నేనూ తడిమాను. అంతా నున్నగానే ఉంది.”

“ఆగాగు. ఇదిగో, ఇక్కడ గీత. వెంట్రుకంత.”

ఆమె కర్ర లాక్కుని వెలుతురులో తిప్పి చూసింది.

“ఉందండీ. ఉలి జారింది.”

“జారిందే, జారింది. జన్మలో ఇంత చెత్త పని చెయ్యలేదు. పద, వీధంతా చూపించొద్దాం.”