డాబ్‌చిక్‌తో మునిగిన మొగుడు

ఇంగ్లండులోని ప్లిమత్ రేవు వెనక సందులో, ఆదివారం చర్చి ముగిసిన వేళ, ఒక నావికుడు వానలో నిలబడి తన ఇంటి తలుపు తానే తడుతున్నాడు.

“ఎవరది?”

“నేనే, నీ మొగుణ్ణి.”

“మా ఆయన డాబ్‌చిక్ ఓడతో పాటు మునిగి ఏడాదైంది. పో అవతలికి!”

“గొంతు కూడా గుర్తుపట్టవా? తలుపు తియ్యవే.”

“దేవుడా, నువ్వేనా! అంత చిన్న తెరచాప ఓడ, తుపానులో ఒక్కరూ మిగల్లేదని నేవీ వాళ్లు చెప్పారే!”

“నిజమే, అందరూ పోయారు. మంచినీళ్ల కోసం మదీరా దీవిలో ఆగినప్పుడు నేను చెట్టు కింద నడుం వాల్చాను. లేచేసరికి ఓడ లేదు. ఇంకో ఓడ దొరికి వచ్చేసరికి ఇన్నాళ్లు పట్టింది.”

“నిద్రపోయావా! ఆఖరిదాకా చుక్కాని వదల్లేదని పాదిరిగారు చెప్తే చర్చంతా ఏడ్చింది!”

“ఆయనకెవరు చెప్పారు?”

“నేనే. నీ గురించి ఒక్క మంచి మాటైనా చెప్పాలిగా!”

గడియ తీసిన చప్పుడైంది.

“రా లోపలికి. అయ్యో, ఏడుస్తున్నావేంటి?”

“బయల్దేరే ముందు ఓడలోవాళ్లు నన్ను పిలిచే ఉంటారే. నాకు వినపడలేదు.”

“ఊరుకో. ముందు తడి చొక్కా విప్పి, కాస్త తిను. తర్వాత ఆ తుపానులో ఎలా ఈదుకొచ్చావో చెప్తాను, శ్రద్ధగా విను. సాయంత్రానికి వీధంతా వచ్చి నిన్నే అడుగుతుంది.”