కుర్చీ నిలిచిన నేల

నా వృత్తి బట్టలు కుట్టడం. వయసు నలభై ఏడు. పేరు పైన మీరు రాసుకున్నారు గానీ, ఆ పేరుతో అడిగితే మా వీధిలో ఎవరూ ఇల్లు చూపించరు. కుట్టు అక్క అంటే చూపిస్తారు. మొదటి అంతస్తులో నా చెల్లెలితో కలిసి ఉంటున్నాను. చెల్లెలు చక్రాల కుర్చీలో ఉంటుంది. నేను కుట్టిన బట్టలకు కాజాలు తీసి గుండీలు వేసేది తనే.

నిన్న మా ఇంట్లో టైల్స్ మేస్త్రి మా అన్నయ్యను బాల్కనీలో నిర్బంధించాడనీ, మేకుల ఆయుధంతో మీదికి వచ్చి కాలు విరగ్గొడతానని బెదిరించాడనీ అన్నయ్యే మీకు ఫిర్యాదు ఇచ్చాడు. ఆ మేస్త్రిని మీరు పొద్దుటి నుంచి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అందుకని ఎవరూ పిలవకుండానే వచ్చాను. నేను చూసింది చూసినట్టు చెబుతాను.

మా హాలు నేల ఎప్పుడో కుంగి, బాల్కనీ వైపుకు రెండు వేళ్ళ మందం పల్లమైంది. కుర్చీ బ్రేకు ఎన్నిసార్లు బాగు చేయించినా నాలుగు రోజులే. మేస్త్రి మొదటిసారి వచ్చినప్పుడు ఖాళీ కుర్చీని హాలు మధ్యలో పెట్టి వదిలాడు. అది తనంతట తానే వెళ్ళి బాల్కనీ తలుపుకు కొట్టుకుంది.

"అమ్మా, చక్రం మీద చెయ్యి ఎప్పుడూ ఉంచాల్సిందేనా?" అని చెల్లెల్ని అడిగాడు.

"ఉంచకపోతే బాల్కనీకి షికారు పోతాను."

"మరి కాజాలు ఎలా తీస్తున్నావు?"

"మోచేత్తో చక్రం అదిమిపట్టి తీస్తాను" అని చెల్లెలు మోచెయ్యి చూపించింది. అక్కడ చర్మం కాయ కట్టి ఉంది. మేస్త్రి ఆ మోచేతిని వంగి చూశాడు. తర్వాత వాలు చూసే రసమట్టం తీసి నేల మీద పెట్టి, "టైలు సంగతి తర్వాత. ముందు ఈ నేలకి బుద్ధి చెప్పాలి" అన్నాడు.

మేస్త్రి అణకువ గల మనిషి అని నేను చెప్పను. నోరు పెద్దది. తన పనిని తానే పొగుడుకుంటాడు. అలాంటి పని నా చేతిలో ఉంటే నేనూ పొగుడుకుందును.

మొన్న పగలంతా అతనూ అతని భార్యా నేలను సిద్ధం చేశారు. సుత్తి పిడితో జానెడు జానెడుకీ తట్టి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీశారు. అక్కడ పెచ్చులు లేపి, బీటలు పూడ్చారు. దుమ్ము ఊడ్చిందే మళ్ళీ ఊడ్చారు. నా మిషను కింద నుంచి ఎన్నాళ్ళ దారప్పోగులో తీసింది ఆవిడ. నేను సిగ్గుపడి చీపురు అందుకోబోతే, "మీకు చేతకాదక్కా, పక్కన కూర్చోండి" అంది. సాయంత్రం, పైన పోసే సిమెంటు పట్టుకోవడానికి ప్రైమర్ పూశారు. గుమ్మాల దగ్గర సిమెంటు బయటికి పోకుండా స్పాంజి పట్టీలు అంటించారు.

నిన్న ఉదయం పది గంటలకు అన్నయ్య వచ్చాడు. మేం పిలవలేదు. మా ఇంట్లో మేకు కొట్టినా పర్యవేక్షణకు వస్తాడు. పెద్దవాడు, మమ్మల్ని చదివించినవాడు, కాదనను. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. అందరికీ సలహాలు చెప్పి, ఫోను రాగానే బాల్కనీలోకి వెళ్ళి అద్దం తలుపు మూసుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి మీరు సరిగ్గా రాసుకోవాలి. తనంతట తానే పారి నేలను చదును చేసే ఈ లెవెలింగ్ సిమెంటు మామూలు సిమెంటు లాంటిది కాదు. నీళ్ళు కొలిచి పోసి కలిపారంటే, ఇక అది మన మాట వినదు. పోసేయాలి, లేకపోతే బకెట్లోనే బిగుసుకుపోతుంది. అందుకే కలిపే ముందు బకెట్ మీద గరిటెతో కొట్టి, "బయటికి వచ్చేవాళ్ళు ఇప్పుడే రండి" అని కేకేయడం ఆ దంపతుల అలవాటు. నిన్నా కొట్టారు. చెల్లెలు వంటింటి గుమ్మంలోకి వెళ్ళింది, నేను తన వెనక నిలబడ్డాను. మేస్త్రి బాల్కనీ అద్దం కూడా తట్టాడు. అన్నయ్య వెనక్కి తిరగకుండా చెయ్యెత్తి, ఆగమన్నాడు. మేస్త్రి ఆగాడు. మళ్ళీ తట్టాడు. మళ్ళీ చెయ్యే. ఈలోగా అవతల ఆవిడ పొడి కలిపేసింది. "కలిపేశానయ్యా, ఇక ఆగదు" అంది.

అన్నయ్య చెయ్యెత్తితే మా ఇంట్లో అందరం ఆగుతాం. ఆగనిది నిన్న ఆ సిమెంటు ఒక్కటే.

బాల్కనీ మూల నుంచి పోయడం మొదలుపెట్టారు. అధికారిగారూ, అది మీరు చూడాల్సింది. బూడిదరంగులో చిక్కటి పాలలా పారి, పల్లం ఎక్కడుందో తనే వెతుక్కుంటూ వెళ్ళింది. ఆవిడ కలుపుతూ అందిస్తుంటే ఇతను అడుగుజాడ పడకుండా మేకుల చెప్పులు వేసుకుని అందులోనే నడుస్తూ పోశాడు. ఒక బకెట్ పోసిన అంచు ఆరకముందే ఇంకో బకెట్ వచ్చేది. తర్వాత ముళ్ళ రోలర్ తిప్పాడు. దానివల్ల లోపలి గాలి బుడగలు పోతాయట. అతని అడుగు తీసిన చోట నేల మళ్ళీ కలిసిపోయేది. ఇన్నేళ్ళుగా కత్తెర పడుతున్నాను, అంత నమ్మకంగా నేనెప్పుడూ బట్ట కత్తిరించలేదు. మేకుల ఆయుధం అని అన్నయ్య రాసింది ఆ రోలర్ గురించే.

పదకొండు దాటాక అన్నయ్య ఫోను పెట్టేసి తలుపు తీశాడు. హాలంతా తడి.

"ఏమిటిది? నేనెలా రావాలి?" అన్నాడు.

"రాకూడదండి. మధ్యాహ్నం రెండున్నర దాకా అక్కడే ఉండండి. ఇప్పుడు అడుగేస్తే గుంట పడి బిగుసుకుపోతుంది" అన్నాడు మేస్త్రి.

"నాకు చెప్పేవాడివా నువ్వు?" అంటూ అన్నయ్య బూటుకాలు ఎత్తి పట్టీ మీదుగా చాపాడు. మేస్త్రి ఇవతలి గుమ్మం దగ్గరున్నాడు, కదలలేదు. కాలు విరగ్గొడతానన్న మాట అప్పుడు వచ్చింది. వచ్చిన మాట నిజమే. కానీ అది మేస్త్రి అన్నది కాదు.

"అన్నయ్యా, కాలు పెట్టావంటే విరగ్గొడతాను" అన్నది నా చెల్లెలు.

తను గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అన్నయ్యా వినలేదు. కాలు వెనక్కి తీసుకుని తలుపు వేసుకున్నాడు. కింది వాళ్ళు నిచ్చెన తెస్తే నడుం నొప్పని దిగలేదు. తాడు కట్టి టీ ఫ్లాస్కు పంపితే మాత్రం తాగాడు. వీధిలో నవ్వారు. ఉక్రోషం అక్కడ పుట్టింది. లేచి నిలబడలేని చెల్లెలు కాలు విరగ్గొడతానందని రాయిస్తే ఇంకా నవ్వుతారని, మేస్త్రి పేరు రాయించాడు. రెండున్నరకు మేస్త్రే చెయ్యిచ్చి నడిపించి తీసుకొచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు.

ఈ ఉదయం ఇక్కడికి బయలుదేరే ముందు చెల్లెలు కుర్చీని హాలు మధ్యకు తోసుకెళ్ళింది. చక్రం మీద నుంచి ఒక చెయ్యి తీసింది. తర్వాత మోచెయ్యి తీసింది. కుర్చీ కదల్లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఏం చేయాలో తెలియనట్టు చూసుకుంది. నాకు ఏడుపొచ్చింది. "ఏడ్చింది చాలు గానీ, ఆ చొక్కా ఇలా ఇవ్వు" అంది.

పడగ్గదికి ప్రైమర్ పూసి ఉంది. దుమ్ము పడకముందే ఈరోజు అక్కడా సిమెంటు పోయాలి. మేస్త్రిని పంపించండి.

మా చెల్లెలు ఒక మాట రాయించమంది: "అన్నది నేనే. మళ్ళీ కాలు పెడితే మళ్ళీ అంటాను. కేసు పెడితే నా మీద పెట్టండి. పిలిస్తే వస్తాను, కానీ మీ స్టేషనుకు మెట్లున్నాయి."

పైన రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, చెప్పనిది లేదు. ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి సంతకం చేస్తున్నాను.

(సంతకం)
కుట్టు అక్క