బలం బిళ్ళ

పటమటలో ఒక ఆసుపత్రి, సాయంత్రం. మంచం మీద కంకిపాడు పాస్టరు జీవరత్నం. పక్కన స్టూలు మీద ఆయన భార్య సువార్తమ్మ. డాక్టరు సిద్ధార్థ చేతిలో స్కానింగు రిపోర్టు.

"అదేనండీ పాస్టరు గారూ నేను చెప్పేది. మూత్రానికి ట్యూబు వేశాం కాబట్టి ఇప్పుడు హాయిగా ఉంది. తీసేస్తే రాత్రికి మళ్ళీ బిగుసుకుపోతుంది."

"తీసి చూడండి డాక్టరు గారూ. ఒక్కసారి తీసి చూడండి."

"ప్రోస్టేటు గ్రంథి బాగా పెరిగింది. వయసుతో మగాళ్ళకి పెరిగేదే, మీకు మరీ ఎక్కువ. మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు కూడా వాచాయి. ఇంకా ఊరుకుంటే అవి పోతాయి."

"వేరే దారేం లేదా బాబూ?"

"ఉన్నాయమ్మా. ఇలా ట్యూబుతోనే ఉండిపోవచ్చు, అప్పుడప్పుడూ మార్పించుకుంటూ. మాత్రలతో ఇంకోసారి చూడొచ్చు, కానీ కిడ్నీల దాకా వచ్చాక నేను ఆ సలహా ఇవ్వను. లేజరైతే పైన కోత ఉండదు, కుట్లుండవు. మూత్రం దారిలోంచే వెళ్ళి అడ్డొచ్చినదాన్ని తీసేస్తాం. కొన్నాళ్ళు మంట ఉంటుంది, కాస్త రక్తం కనపడొచ్చు, అంతే."

"కత్తి లేదంటారు."

"లేదండీ."

"కానీ ఆపరేషనే."

"ఆపరేషనే."

"అయితే వద్దు."

"పోయినేడు మీకు మాత్రలు రాశాను. వాడారా?"

"ఒక్కటి మింగలేదు. ప్రార్థన చేశాను. మొన్న మొన్నటిదాకా సుబ్బరంగా ఉన్నాను."

"మాత్రలు వాడకుండానా?"

"వాడకుండానే."

"నిజమేనామ్మా?"

"ఆఁ... బాగానే ఉన్నారండీ."

"నాకైతే అర్థం కావట్లేదు. సరే, రేపు పొద్దున మొదటి కేసు మీదే పెట్టాను. ఈ కాయితం మీద సంతకం చేసి సిస్టరుకివ్వండి. నేను మళ్ళీ వస్తా."

"వెళ్ళాడా?"

"వెళ్ళారు."

"ఆ తలుపు దగ్గరగా వెయ్యి."

"వేశాను. ఇదుగో పెన్ను."

"పెట్టను."

"ఏమండీ—"

"పెట్టనన్నానా. ఉజ్జీవ సభల్లో మైకు పట్టుకుని ఏం చెప్పాను? మాత్ర లేకుండా, కత్తి లేకుండా ప్రభువు నన్ను స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పాను. పందిరి నిండా జనం. ఇప్పుడు లేజరు చేయించుకుని ఏ మొహం పెట్టుకుని వాక్యం చెప్పను?"

"మొహం సంగతి తరవాత. ముందు మనిషుండాలి."

"బాగుచేసినవాణ్ణి ఆయన మళ్ళీ రోగిని చెయ్యడు. ఇది పరీక్ష. నేను నిలబడాలి."

"నిలబడటానికి కిడ్నీలుండాలిగా."

"వెటకారాలాడకు."

"వెటకారం కాదండీ, భయం. నాకు భయంగా ఉంది. పొద్దున మీరు బాత్రూములో గోడ పట్టుకుని అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది."

"నీకు విశ్వాసం తక్కువ, మొదట్నించీ అంతే."

"మన శాలిని కాన్పుకి నేను తెనాలి వెళ్ళాను చూడండి..."

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"అప్పట్నించే కదా మీకు మళ్ళీ మొదలైంది."

"ఏమో. అవును. అయితే?"

"నేను లేనప్పుడు రాత్రిపూట బలం బిళ్ళ వేసుకున్నారా?"

"ఎక్కడ పెట్టి వెళ్ళావో ఎవడికి తెలుసు. నువ్వు చేతిలో పెడితే మింగుతాను, లేకపోతే లేదు. అయినా బలం బిళ్ళ మానేస్తే మూత్రం ఆగిపోతుందా ఎక్కడన్నా?"

"అది బలం బిళ్ళ కాదండీ."

"ఏంటి?"

"అది బలం బిళ్ళ కాదు."

"మరేంటి?"

"ఈ డాక్టరు గారు రాసిందే. మీరు చింపి పారేసిన చీటీ ఏరుకుని, అతికించి, మాత్రలు తెచ్చాను. రోజూ అన్నం తిన్నాక అదే ఇచ్చాను."

"ఎప్పట్నించి?"

"అప్పట్నించే."

"సభలప్పుడూ?"

"సభలప్పుడూ."

"ముందు వరసలో కూర్చుని విన్నావు. స్తోత్రం అన్నావు. అందరికంటే గట్టిగా అన్నావు."

"ఏం చెయ్యమంటారు? లేచి, అయ్యగారికి తెలీదు, నేను మాత్రలిస్తున్నాను అనమంటారా? మీరేమో కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్తున్నారు. నాకు నోరు పెగల్లేదు. బిళ్ళ అయినా ఆయన దయే కదా అని సరిపెట్టుకున్నాను."

"నన్ను అబద్ధికుణ్ణి చేశావు సువార్తా. దేవుడి ఎదట, సంఘం ఎదట."

"చేశాను. ఆ పాపం నాది. ఆదివారం నేనే లేచి చెప్తాను, మిమ్మల్నెవరూ ఒక్క మాట అనరు. తిట్టండి, నాతో మాట్లాడకండి, తెనాలి పంపించెయ్యండి, పోతాను. ఈ సంతకం ఒక్కటి పెట్టండి."

"ఫోనివ్వు."

"సంతకం—"

"పెడతాను. పెడతానన్నానుగా. ముందా ఫోనివ్వు."

"ఎవరికి? శాలినికా?"

"పాల్‌కి."

"ఏ పాల్? ఆటోనగర్‌లో లేతు మిషను నడుపుతాడే, ఆయనా?"

"ఆయనే."

"ఆయనెందుకండీ ఇప్పుడు? కాళ్ళు వాచిపోయి మంచం దిగట్లేదట. ప్రార్థన చెయ్యమని పొద్దున వాళ్ళావిడ మార్త ఫోను చేసింది. మీరే ఇలా ఉన్నారు కదా అని చెప్పలేదు."

"ఇవ్వవే ముందు. ఆయనకీ ఇదే జబ్బు. నా సాక్ష్యం విని మాత్రలన్నీ పట్టుకుని ఇంటికొచ్చాడు. ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, నేనే తీసుకెళ్ళి వాటిని కాలవలో పారేశాను."